సుగ్గి కాలంలో సబక్: కోసిగి ప్రాంతంలో మక్తబ్ చదువు – కుటుంబ భాగస్వామ్యం

వ్యాససంగ్రహం:
ఇస్లామీయ ప్రాథమికవిద్యకు ఆధారమైన మక్తబ్, దానికి పిల్లలను పంపే కుటుంబాలతో ఎలా ముడిపడి ఉంటుందో, ఆ ముడి ఎక్కడ వదులవుతుందో కర్నూలు జిల్లా పశ్చిమభాగంలోని కోసిగి ప్రాంతాన్ని కేంద్రంగా చేసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది. మక్తబ్ బోధన ప్రధానంగా శ్రవణాధారితం. కాబట్టి అక్షరాస్యులుగా లెక్కకు రాని తల్లిదండ్రులకు కూడా అందులో పాత్ర సాధ్యమే. అయితే భాషాభేదం, సుగ్గి వలస, చాంద్రమాన విద్యాసంవత్సరం అనే మూడు కారణాలు ఆ పాత్రను సంకోచింపజేస్తున్నాయి. వాటి స్వరూపాన్ని, చేయదగిన పనులను ఇందులో చర్చిస్తాను.

కీలకపదాలు: మక్తబ్, సబక్, సుగ్గి, దూదేకుల, తెలుగు, ఉర్దూ, కోసిగి, ఆదోని.

1. ఉపోద్ఘాతం

గుంతకల్లు – రాయచూరు రైలుమార్గంలో ఆదోనికి, మంత్రాలయం రోడ్డుకు మధ్యనున్న మండలకేంద్రం కోసిగి. వానపై ఆధారపడిన సేద్యం, కన్నడసీమ పొరుగు, ఏటేటా తప్పని వలస ఈ ప్రాంతపు జీవనలక్షణాలు. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం. స్త్రీలలో అది సుమారు సగమే. జిల్లాలో కూడా ఆదోని చుట్టుపక్కల మండలాలు విద్యలో బాగా వెనుకబడినవి.

ఇటువంటి చోట పిల్లల చదువులో కుటుంబాన్ని భాగస్వామిని చేయడమంటే, చదువుకున్న తల్లిదండ్రులున్న పట్టణపు పద్ధతులను తెచ్చి పెట్టడం కాదు. ఇంట్లో ఇప్పటికే ఉన్న సామర్థ్యమేమిటో ముందు గుర్తించాలి. మక్తబ్ ఈ గుర్తింపుకు మంచి ఉదాహరణ.

2. మక్తబ్ – మదరసా: పరిభాషావివేచన

వాడుకలో రెండింటినీ మదరసా అనే అంటారు గాని వాటి స్వభావాలు వేరు. మదరసా పూర్తికాలపు విద్యాలయం; అక్కడ పిల్లలు తరచుగా వసతితో ఉండి చదువుతారు. మక్తబ్ మసీదును ఆనుకొని, లేదా ఒకరి ఇంటి వసారాలో, ఉదయపు నమాజు తరువాత బడివేళ వరకో, సాయంత్రమో ఒకటి రెండు గంటలు నడుస్తుంది. పిల్లలు పగలు మామూలు బడికి వెళ్తారు. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ఈ భేదాన్ని స్పష్టం చేసింది. బడి వయసు ముస్లిం పిల్లలలో పూర్తికాలపు మదరసాలకు వెళ్లేవారు సుమారు 3 శాతం మాత్రమేనని, రెండింటినీ కలిపి చూడడం వల్ల లేనిపోని అంచనాలు పుడుతున్నాయని తెలిపింది.

ఈ భేదం మన చర్చకు ముఖ్యం. మదరసా పిల్లవాణ్ని ఇంటినుండి తీసుకుంటుంది. మక్తబ్ రోజూ ఇంటికి తిప్పి పంపుతుంది. కాబట్టి ఇల్లు కలసిరాకపోతే మక్తబ్ చదువు నిలవదు.

విద్యాహక్కు చట్టం (2009) 21వ సెక్షన్ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు ఉండాలని, మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలై ఉండాలని చెప్పింది. 2012 సవరణ మదరసాలను, వేదపాఠశాలలను, ప్రధానంగా మతబోధ చేసే సంస్థలను ఆ చట్టపరిధినుండి మినహాయించింది. అందువల్ల మక్తబులో తల్లిదండ్రుల స్థానాన్ని చట్టం నిర్ణయించదు, ఆచారమే నిర్ణయిస్తుంది. ఆచారంలో తండ్రి చందాదారు. మసీదు కమిటీకి నెలనెలా ఇచ్చే సొమ్ముతో అతని బాధ్యత తీరినట్టే భావిస్తారు. కమిటీ కూర్చునే చోటికి తల్లి సాధారణంగా రాదు. పాఠం వినవలసిన మనిషికే అభిప్రాయం చెప్పే చోటు లేదన్నమాట.

3. 1823 నాటి నివేదికలో ఈ ప్రాంతం

ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు బళ్లారి జిల్లాలోనిది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ఆదేశించిన విద్యావిచారణకు బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న నివేదిక పంపాడు. జిల్లా మొత్తం మీద 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్టు అందులో లెక్క చూపాడు. వాటిలో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226, మరాఠీవి 23, పారసీవి 21. ముస్లిం విద్యార్థులు 243 మంది. బాలికలు 60 మందే. వారిలో ముస్లిం బాలిక ఒక్కరూ లేరు.

ఈ లెక్క రెండు విషయాలను ఆలోచింపజేస్తుంది. మొదటిది, అది బడులను లెక్కించింది గాని ఇళ్లను లెక్కించలేదు. ఇంటిలోనే చదువుకొనే పిల్లలు ఎక్కువమంది ఉంటారని మన్రో 1826 నాటి తన మినిట్‌లో స్వయంగా గుర్తించాడు. ఇరుగుపొరుగు పెద్దావిడ వద్ద కూర్చొని ఖురాన్ చదవడం నేర్చుకొనే బాలికలు అప్పుడు ఉండి ఉంటే, వారు ఆ 243లో చేరి ఉండరని ఊహించడం సమంజసం. రెండవది, బడులు క్షీణించడానికి క్యాంబెల్ చెప్పిన ప్రధానకారణం పేదరికం. చిన్నపాటి పని చేయగల వయసు రాగానే పిల్లల చేతిసాయం కుటుంబానికి అవసరమవుతోందని అతడు రాశాడు. రెండు వందల ఏళ్ల తరువాత అదే నేల మీద, పత్తిచేను, మిరపచేను నేపథ్యంగా, ఆ మాట ఇంకా చెల్లుతోంది.

4. సబక్ వినిపించే పద్ధతి – ఇంటి పాత్ర

మక్తబులో ప్రవేశం కుటుంబవేడుకతో మొదలవుతుంది. బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండినప్పుడు బిస్మిల్లా చెప్పించడం చాలా కుటుంబాలలో ఆచారం. మన అక్షరాభ్యాసం వంటిదే ఇది. ఖురాన్ పఠనం పూర్తయినప్పుడు ఖతమ్ పేరిట మిఠాయి పంచుతారు. చదువు ఆరంభాన్ని, సమాప్తిని ఇల్లు వేడుక చేసుకొంటుంది. సమస్య ఈ రెంటి మధ్యనున్న రెండు మూడేళ్లది.

బోధనక్రమం ఇలా ఉంటుంది. ముందు ‘ఖాయిదా’ అనే వాచకం. అందులోని ఒక్కొక్క పాఠాన్ని తఖ్తీ అంటారు. అక్షరాలు, వాటి కూర్పు, హ్రస్వదీర్ఘాలు, ద్విత్వం క్రమంగా వస్తాయి. తరువాత ‘నాజిరా’, అంటే ఖురాన్‌ను చూసి చదవడం. ఆ పైన కొందరికి ‘హిఫ్జ్’, అంటే కంఠస్థం. ఆనాటి కొత్త పాఠం సబక్. పాతపాఠాల పునశ్చరణ ఆమూఖ్తా. సబక్‌ను హజ్రత్ చెబుతారు. ఆమూఖ్తా మాత్రం ఇంట్లోనే జరగాలి. ముప్పై మంది పిల్లలున్న చోట గంటన్నరలో ప్రతివారి పాతపాఠం వినడం ఒక్క బోధకుడికి సాధ్యం కాదు.

ఇక్కడ ఒక విశేషం ఉంది. ఏదైనా ఒక భాషను అర్థం చేసుకొంటూ చదవగలిగి, రాయగలిగినవారినే జనగణన అక్షరాస్యులంటుంది. అర్థం తెలియకపోయినా అరబీ లిపిని చూసి తప్పులేకుండా పఠించగల స్త్రీ ఆ నిర్వచనం ప్రకారం నిరక్షరాస్యురాలు. కాని బిడ్డ ఆమూఖ్తా వినడానికి ఆమెకు మించిన అర్హత అక్కరలేదు. లిపి రానివారికైనా నిత్యం నమాజులో చదివే చిన్న సూరాలు కంఠతా వచ్చి ఉంటాయి. బిడ్డ తడబడితే చెవి పట్టేస్తుంది. బడి హోంవర్కు ముందు నిస్సహాయురాలైన తల్లి మక్తబ్ పాఠం ముందు పరీక్షకురాలు కాగలదు. ఈ అవకాశాన్ని మక్తబులు పద్ధతిగా వాడుకోవడం తక్కువ. పాఠం రాలేదని పిల్లవాణ్ని మందలించడమే ఎక్కువ.

5. భాషాసమస్య

ఈ ప్రాంతపు ముస్లిములందరి ఇంటిభాష ఒకటి కాదు. కొన్ని ఇళ్లలో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. దూదేకుల (నూర్‌బాషా) కుటుంబాలలో చాలావాటికి తెలుగే ఇంటిమాట. సరిహద్దు పల్లెలలో కన్నడమూ వినిపిస్తుంది. మక్తబులో మాత్రం వివరణ సాధారణంగా ఉర్దూలో సాగుతుంది. దీనియాత్ వాచకం, హాజరుపట్టీ, ఇంటికి పంపే చీటీ ఉర్దూ లిపిలో ఉంటాయి. దక్కనీ మాట్లాడే తల్లికి కూడా ఆ లిపి రాకపోవచ్చు. తెలుగింటి తల్లికి మాటా లిపీ రెండూ దూరమే. బిడ్డ ఏ తఖ్తీలో ఉన్నాడో తెలియక ఆమె పక్కకు తప్పుకొంటుంది. దీన్ని నిరాసక్తతగా భావించడం పొరపాటు.

అయితే తెలుగు ఈ చదువుకు పరాయిభాష కాదు. హాజరు, కలం, కాగితం, సవాలు, జవాబు, తర్జుమా వంటి మాటలు అరబీ, పారసీల నుండి వచ్చి తెలుగింటి మాటలైనవే. ఖురాన్‌కు తొలి తెలుగు అనువాదం చేసిన చిలుకూరి నారాయణరావు రాయలసీమలోనే, అనంతపురంలో, అధ్యాపకుడుగా పనిచేసినవారు. మక్తబ్ చీటీ తెలుగు లిపిలో రావడం వల్ల ఉర్దూకు లోటు కలగదు. పఠనం అరబీలో, మాట ఉర్దూలో, ఇంటికి కబురు తెలుగులో అనే విభజన ఈ సీమలో సహజమైనదే.

6. సుగ్గి, చాంద్రమాన విద్యాసంవత్సరం

సుగ్గి అంటే కన్నడంలో కోతకాలం. కర్నూలు పశ్చిమమండలాలలో ‘సుగ్గికి పోవడం’ అంటే ఇంటికి తాళం వేసి పనికోసం ఊరు విడవడం. దీపావళి దాటిన తరువాత మొదలై ఉగాది వరకు కూలి కుటుంబాలు గుంటూరు వైపు మిరపకోతకు, తెలంగాణకు పత్తితీతకు, బెంగళూరుకు కట్టడపు పనులకు వెళ్తాయి. కులమతభేదం లేని వలస ఇది. బడి పిల్లలకోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతోంది. మక్తబుకు అటువంటి ఏర్పాటు లేదు. ఖాయిదా మధ్యలో వెళ్లిన పిల్లవాడు తిరిగి వచ్చేసరికి తోటివారు నాజిరాకు చేరుకొని ఉంటారు. చిన్నవారితో మళ్లీ మొదటి తఖ్తీ దగ్గర కూర్చోవడానికి సిగ్గుపడి మానేస్తాడు. ఈ మానేయడం ఏ రిజిస్టరులోనూ నమోదు కాదు.

దీనికి పంచాంగం మరో చిక్కు తెచ్చింది. మదరసాల విద్యాసంవత్సరం సాధారణంగా రంజాన్ తరువాతి షవ్వాల్ నెలలో మొదలై, రంజాన్‌కు ముందరి షాబాన్‌లో పరీక్షలతో ముగుస్తుంది. వాటి పాఠక్రమాన్ని అనుసరించే మక్తబులకు కూడా ఇదే లెక్క. చాంద్రమాన సంవత్సరం సౌరమానం కంటే సుమారు 11 రోజులు చిన్నది కాబట్టి ఈ కాలం ఏటేటా వెనక్కి జరుగుతుంది. 2015లో రంజాన్ పండుగ జులై నడిమిలో వచ్చింది. అప్పుడు కుటుంబాలు విత్తనాల పనిలో ఊళ్లోనే ఉంటాయి. 2025లో మార్చి చివరిరోజున వచ్చింది. 2030 నాటికి రంజాన్ నెల జనవరిలోకి వస్తుంది. అంటే షాబాన్ పరీక్షలు, రంజాన్, షవ్వాల్ ప్రవేశాలు మూడూ నడిసుగ్గిలో పడుతున్నాయి. ఇల్లూ మక్తబూ సన్నిహితమయ్యే నెలలలోనే కుటుంబాలు ఊళ్లో ఉండవు. పదేళ్ల కిందటి అనుభవంతో పిల్లల హాజరును అంచనా కట్టే కమిటీలు ఈ మార్పును గమనించవలసి ఉంది.

7. చేయదగినవి

తల్లిదండ్రుల భాగస్వామ్యంపై పనిచేసిన అమెరికన్ విద్యావేత్త జాయిస్ ఎప్‌స్టీన్ దాన్ని ఆరు విధాలుగా విభజించారు: పెంపకం, సమాచారం, స్వచ్ఛందసేవ, ఇంటిచదువు, నిర్ణయాధికారం, సమాజసహకారం. చందా ఇచ్చే తండ్రి వీటిలో ఒక్కదానికే, సమాజసహకారానికే, పరిమితమవుతున్నాడు. మిగిలినవాటికి దారితీసే కొన్ని పనులు, పెద్ద ఖర్చు లేనివి, ఇవి.

అ) పాఠపు చీటీ: బిడ్డ ఏ తఖ్తీలో, ఏ సూరాలో ఉన్నాడో తెలుగులోను, ఉర్దూలోను రాసి, వలస వెళ్లేముందు తల్లి చేతికి ఇవ్వాలి. ఒకే ఖాయిదా వాడే మక్తబ్ దొరికితే పల్నాడులోనైనా, బెంగళూరులోనైనా అక్కడినుండే చదువు కొనసాగుతుంది.

ఆ) ఫోనులో ఆమూఖ్తా: 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు చదువు ఫోనుల మీదికి మళ్లింది. పుస్తకపు చదువుకు అది చాలలేదు గాని పఠనానికి స్వరసందేశం సరిపోతుంది. వారానికి రెండుసార్లు బిడ్డ చదివినది పంపితే హజ్రత్ విని సరిదిద్దవచ్చు. చదవడం రాని తల్లి కూడా స్వరసందేశం పంపగలదు, వినగలదు.

ఇ) తల్లుల కూటమి: మసీదులో కాక, బాలికలకు చెప్పే ఆపా ఇంట్లో నెలకొకసారి తల్లులు కలుసుకోవాలి. అక్కడ తేలిన మాట కమిటీకి చేరాలి. పాఠవేళలు, చలికాలపు మార్పులు తల్లులను అడిగి నిర్ణయించాలి.

ఈ) తిరిగివచ్చినవారి తరగతి: ఉగాది తరువాత నలభై రోజులు, సుగ్గినుండి వచ్చిన పిల్లలను చిన్నవారితో కలపకుండా విడిగా కూర్చోబెట్టి, ఆగినచోటినుండి చెప్పాలి. మానేయడానికి అసలు కారణమైన సిగ్గు ఇక్కడే తొలగుతుంది.

ఉ) బడితో పొత్తు: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులలో 2024 డిసెంబరు 7న తల్లిదండ్రుల – ఉపాధ్యాయుల మహాసమావేశం ఒకే రోజున జరిగింది. అటువంటి రోజున హజ్రత్‌ను కూడా ఆహ్వానిస్తే ఒకే బిడ్డకు చదువు చెప్పే ఇద్దరు గురువులు పరిచయమవుతారు. బిడ్డ ఉదయం మక్తబులో అలసి బడికి ఆలస్యంగా వస్తున్నాడా, వలస వెళ్లాడా అన్నది ఇద్దరికీ తెలుస్తుంది.

వీటికి ఒక పరిమితి ఉంది. వలసకు కారణం వాన, కూలి, అప్పు. దాన్ని మక్తబ్ ఆపలేదు. వలస వల్ల చదువు తెగిపోకుండా చూడడం మాత్రమే దాని చేతిలో ఉంది. ఫోను ఇంట్లో ఒక్కటే ఉండి, అది తండ్రితో పనికి వెళ్తే రెండవ సూచన కూడా రాత్రివేళకు కుదించుకోవలసి వస్తుంది.

8. ఉపసంహారం

కోసిగి ప్రాంతంలో మక్తబుకు, కుటుంబానికి మధ్య ఏర్పడిన ఎడం అశ్రద్ధ వల్ల వచ్చింది కాదని పై పరిశీలన వల్ల తెలుస్తుంది. లిపి తెలియని చీటీ, తల్లికి చోటులేని కమిటీ, ఊరు ఖాళీ అయ్యే నెలలలో వచ్చే పరీక్ష ఈ ఎడానికి కారణాలు. మూడూ మార్చుకోదగినవే. 1823లో క్యాంబెల్ బడులను లెక్కించాడు. ఇళ్లు లెక్కకు రాలేదు. నేటి గణాంకాలు కూడా ఆమూఖ్తా వినగల తల్లిని నిరక్షరాస్యురాలి కిందే చూపుతున్నాయి. సుగ్గికి బయలుదేరే ఆ తల్లి మూటలో గిన్నెలతోపాటు బిడ్డ ఖాయిదా, పాఠపు చీటీ కూడా చేరితే, ఆ చదువు చేనుగట్టు మీదనైనా ఆగకుండా సాగుతుంది.