రెండో గొంతు

జూనియర్ కళాశాలలో అడుగుపెట్టిన విద్యార్థికి తల్లిదండ్రుల మాటకంటే తోటివారి మాట గట్టిగా వినిపిస్తుంది. పదిమంది తరగతి ఎగగొట్టి మొదటి ఆటకు బయలుదేరితే, రానన్నవాడు పిరికివాడవుతాడు. హాస్టలు గదిలో మొదటి సిగరెట్టు వెలిగించడానికి కారణం చాలాసార్లు కోరిక కాదు, పక్కవాడి నవ్వు. ఈ ఒత్తిడిపై ఎన్ని ఉపన్యాసాలు విన్నా, అది ఇతరుల బలహీనత అనే విద్యార్థి భావిస్తాడు. స్వానుభవంలోకి వస్తేగాని దాని శక్తి బోధపడదు. అందుకు ఒక నల్లబల్ల, నాలుగు గీతలు చాలు.

అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త కళాశాల విద్యార్థులపై జరిపిన ప్రయోగాల ఫలితాలను 1951లో ప్రకటించాడు. ఒక కార్డుపై ఒక గీత. మరొక కార్డుపై వేర్వేరు పొడవులుగల మూడు గీతలు. మొదటిదానితో సమానమైనది ఏదో చెప్పాలి. పసిపిల్లలైనా చెప్పగల ప్రశ్న. అయితే గదిలో ఉన్నవారిలో ఒక్కడే అసలు అభ్యర్థి. తక్కినవారు ముందటి ఏర్పాటు ప్రకారం అనేకసార్లు ఒకే తప్పు సమాధానం చెప్పేవారు. అటువంటి సందర్భాలలో అభ్యర్థులు ఇచ్చిన సమాధానాలలో సుమారు మూడోవంతు గుంపును అనుసరించినవే. నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా లొంగిపోయారు. ఒక్కసారీ లొంగని ఆ నాలుగోవాడిని ఈ ప్రయోగాన్ని ఉదహరించేవారు తరచు మరచిపోతారు.

అసలు విశేషం తరువాతి ప్రయోగంలో ఉంది. గుంపులో ఒక్కడు నిజం చెప్పేలా ఆష్ ఏర్పాటు చేశాడు. లొంగుబాటు మునుపటిలో నాలుగోవంతుకు పడిపోయింది. ఆ తోడు నడుమ గుంపువైపు చేరిపోతే తప్పులు మళ్ళీ పెరిగాయి.

ఈ రెండింటినీ అధ్యాపకుడు తరగతిలోనే చేసి చూపవచ్చు. ఆరుగురికి ముందుగా చెప్పి ఉంచి, ఏడోవారిని బయటినుండి పిలవాలి. ప్రయోగం ముగిసిన మరుక్షణమే ఆ విద్యార్థికి సంగతంతా వివరించాలి. తప్పు చెప్పినందుకు ఎవరూ ఎగతాళి చేయరాదు. ఒత్తిడిని గురించిన పాఠమే ఒకరిపై ఒత్తిడి కారాదు గదా! రెండోసారి ఆరుగురిలో ఒకరు నిజం పలకాలి. రెండు పర్యాయాలూ తన మనసులో ఏమి జరిగిందో ఏడోవారే చెప్పాలి.

తరువాత మహాభారత సభాపర్వాన్ని చర్చకు తేవచ్చు. ద్రౌపది ప్రశ్నకు పెద్దలు బదులీయలేకపోయినప్పుడు, దుర్యోధనుని తమ్ముడైన వికర్ణుడు లేచి, ఆమె ధర్మబద్ధంగా ఓడినది కాదన్నాడు. కర్ణుడు అతనిని పసివాడివని అధిక్షేపించాడు. దుర్యోధనునికి ప్రాణమిత్రుడు కర్ణుడే; అయినా ఆనాడు మేలు కోరినవాడు ఎవరు? భర్తృహరి సన్మిత్ర లక్షణాలలో మొదట చెప్పినది పాపంనుండి మరల్చడం. ఈ ప్రశ్నపై తరగతి రెండుగా చీలడం మంచిదే. కర్ణుని కృతజ్ఞతను సమర్థించేవారికీ అవకాశమివ్వాలి.

చివరగా ఒక చిన్న నాటిక. హాస్టలు గది, అయిదుగురు మిత్రులు, రేపు పరీక్ష, ఇప్పుడు సినిమా ప్రతిపాదన. ఒకరు రానంటారు, నలుగురు నవ్వుతారు. ఆ నలుగురిలో ఒకరు మనసు మార్చుకోవాలి. ఆ పాత్రకు సంభాషణ రాయమంటే విద్యార్థులు మొదట పెద్ద ప్రసంగాలే రాస్తారు. పలికి చూసుకున్నకొద్దీ వాటిని కొట్టివేస్తారు. "నేనూ రావడం లేదురా" అన్న మాట మిగులుతుంది.