కెటమరాన్ నౌకలో జారుడు తలుపు: అరుగుదల, మరమ్మతు

నౌక అను మాట వినగానే మన మనసులో మెదలునవి తెరచాప, స్తంభము, చుక్కాని, లంగరు. తలుపు మెదలదు. ఇంటి తలుపు బిగిసినచో వడ్రంగికి కబురు పెట్టుదుము. ఆ పూటకు పెరటి తలుపు గుండా రాకపోకలు సాగించుదుము. నడిసముద్రమున తలుపు బిగిసినచో కబురందుకొనుటకు వడ్రంగి లేడు. అట్టి ఒక తలుపును గూర్చియు, దానిని మోయు చిన్న చక్రములను గూర్చియు, అవి ఎందువలన అరుగునో, అరిగినప్పుడు ఎట్లు బాగుచేయవలెనో ఈ వ్యాసమున వివరింపదలచినాము. విషయము చిన్నది, కాని రసాయన శాస్త్రము, భౌతిక శాస్త్రము, చేతిపని మూడును అందు కలిసి యున్నవి.

రెండు పదముల చరిత్ర

ముందుగా శీర్షికలోని రెండు పదములను పరిశీలింతము. ‘కెటమరాన్’ అనునది ‘కట్టుమరము’ అను తమిళ పదమునుండి ఆంగ్లమున ప్రవేశించినది. త్రాళ్ళతో కలిపి కట్టిన దుంగలని దాని యర్థము. మన కోస్తా జాలరులు దానినే తెప్ప యందురు. ‘మరమ్మతు’ అరబ్బీలో పుట్టి, పారసీ ఉర్దూల మీదుగా తెలుగునకు వచ్చినది. లంగరు, సరంగు అను పదములును పారసీ మూలము గలవే. మన కళాశాలలో ఒకే కప్పు క్రింద చదువబడుచున్న రెండు భాషలు ఓడరేవులలో ఏనాడో కలిసికొన్నవని ఈ పదములు చెప్పుచున్నవి.

పేరు మన తీరమునుండి పోయినను, నేటి కెటమరాన్ రూపము మన తెప్పనుండి వచ్చినది కాదు. రెండు సన్నని పడవలను ప్రక్కప్రక్కన నిలిపి, నడుమ వేదికతో కలుపు పద్ధతి పసిఫిక్ మహాసముద్ర ద్వీపవాసులది. 1876లో అమెరికాలో నెథేనియల్ హెరెషాఫ్ అను నౌకాశిల్పి ‘అమరిల్లిస్’ అను జంటపడవను నిర్మించి పోటీలో దింపగా, దాని వేగము చూపరులను ఆశ్చర్యపరచినది. నేడు ఫ్రాన్సులోని బోర్డో, లా రోషెల్ ప్రాంతములందును, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను నందును దూరయాత్రలకు తగిన కెటమరానులు నిర్మింపబడుచున్నవి. కుటుంబములు వీనిలో నెలల తరబడి నివసించుచు సముద్రములను దాటుచుండును. కెనరీ దీవులనుండి కరీబియను దీవులకు సుమారు 2,700 నాటికల్ మైళ్ళు, అనగా 5,000 కిలోమీటర్లు. తెరచాపలతో ఆ దూరము దాటుటకు సాధారణముగా రెండు మూడు వారములు పట్టును.

తలుపు స్థానము, భారము

ఒకే పొట్టు గల తెరచాప పడవలో లోపలికి పోవుటకు నిటారు మెట్లు దిగవలెను. కెటమరానులో అట్లుకాదు. పడవ వెనుకభాగమున చుక్కాని వద్ద వసారా వంటి ఆరుబయలు కలదు. దాని ముందు, ఇంచుమించు అదే మట్టమున, కూర్చుండుటకు, వండుకొనుటకు తగిన నడిమి గది యుండును. ఈ రెంటి మధ్య గోడ వంటి పెద్ద అద్దపు తలుపు ప్రక్కకు జారును. వెలుగు, గాలి, రాకపోకలు అన్నియు దానిగుండనే.

ఆ సౌఖ్యముతో పాటు అపాయమును కలదు. వెనుకనుండి లేచిన అల వసారాపై విరిగిపడినప్పుడు నీటిని నడిమి గదిలోనికి రానీయక ఆపవలసినది ఈ తలుపే. వంటగదిలో నిప్పు అంటుకొన్నచో మనుష్యులు బయటపడవలసిన ప్రధాన మార్గమును ఇదియే. మూయవలసినప్పుడు మూతపడని తలుపును, తెరువవలసినప్పుడు తెరచుకొనని తలుపును ప్రాణాపాయ హేతువులే. మరియొకటి గలదు. గొళ్ళెము అరిగి దానంతటది జారు తలుపు, నౌక ఒరిగినప్పుడు వేగముగా వచ్చి పిల్లవాని వ్రేళ్ళను నలుపగలదు.

దాని బరువును లెక్కింతము. 80 సెంటీమీటర్ల వెడల్పు, 180 సెంటీమీటర్ల ఎత్తు గల పలకకు 6 మిల్లీమీటర్ల గాజు వేసినారనుకొందము. ఘనపు మీటరు గాజు 2,500 కిలోగ్రాములు తూగును. ఆ లెక్కన గాజు ఒక్కటియే దాదాపు 22 కిలోగ్రాములు. అల్యూమినియం చట్రము బరువు దీనికి అదనము. అనేక నౌకలలో ఈ భారమంతయు క్రిందనున్న రెండు చిన్న రోలర్లపై, ఒక్కొక్కటి రూపాయి బిళ్ళ పరిమాణమునకు అటు ఇటుగా ఉన్న చక్రములపై పడును. అలపైకెక్కి నౌక దబ్బున దిగినప్పుడు ఆ భారము క్షణకాలము పాటు ఇనుమడించును.

అరుగుదలకు కారణములు

మొదటి కారణము ఉప్పు. ఒక కిలోగ్రాము సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణము కలదు. నీరు ఆరినను ఉప్పు పోదు. గాలిలో తేమ దాదాపు 75 శాతము దాటగానే ఉప్పు ఆ తేమను పీల్చి తిరిగి ద్రవమగును. సముద్రముపై గాలికి తేమ కొరత లేదు గనుక, తలుపు క్రింది పట్టా పైకి పొడిగా కన్పించినను సందులలో తడిగానే యుండును. ఉప్పు గడ్డకట్టినప్పుడు దాని గరుకు చక్రమును రాపిడి పెట్టును.

రెండవ కారణము లోహముల పొత్తు. చట్రము అల్యూమినియం, స్క్రూలు, ఇరుసులు స్టెయిన్‌లెస్ స్టీలు. రెండు భిన్న లోహములు తాకుచుండగా ఉప్పునీరు వానిని తడిపినచో అదియొక చిన్న విద్యుత్ ఘటమగును. అందు అల్యూమినియం క్షయించును, స్టీలు నిలుచును. క్షయించిన అల్యూమినియం తెల్లని పొడిగా మారి మునుపటికంటె ఎక్కువ చోటు ఆక్రమించును. అందువలననే స్క్రూ తన రంధ్రములో బిగుసుకొని, ఎంత త్రిప్పినను కదలదు.

స్టెయిన్‌లెస్ అను పేరును చూచి మోసపోరాదు. అందలి క్రోమియం గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ఉపరితలమున పలుచని పొరగా ఏర్పడి లోహమును కాపాడును. గాలి సోకని ఇరుకు సందులో ఉప్పునీరు నిలిచినచో ఆ పొర చెడును, మరల ఏర్పడదు. 304 రకముకంటె మాలిబ్డినము చేర్చిన 316 రకము ఉప్పునకు ఎక్కువ ఓర్చును. కాని బాల్ బేరింగులలోని గుండ్లకు కాఠిన్యము ముఖ్యము గనుక వానికి వాడు స్టీలు వేరు రకమైనది. అది సముద్రమున త్వరగా త్రుప్పు పట్టును.

మూడవ కారణము చక్రము చేసిన పదార్థము. నైలాన్ గట్టిదే గాని నీటిని పీల్చి ఉబ్బును. ఉబ్బిన చక్రము ఇరుసును బిగబట్టును. ఎసిటాల్ అను ప్లాస్టిక్ నీటిని అత్యల్పముగా పీల్చును గనుక ఈ పనికి మేలైనది.

లక్షణములు

వైద్యుడు నాడి చూచినట్లు, పని తెలిసినవాడు పట్టాలోని పొడి రంగును చూచును. గోధుమరంగు చారలు బేరింగు త్రుప్పునకు గుర్తు. తెల్లని పొడి అల్యూమినియం క్షయమునకు గుర్తు. నల్లబారిన బూడిదరంగు మెత్తని పొడి కన్పించినచో, చక్రము తిరుగుట మాని పట్టాపై ఈడ్వబడుచున్నదని గ్రహింపవలెను. ఈ మూడవ గుర్తు ప్రమాదకరమైనది. ఆగిపోయిన చక్రము మెత్తని అల్యూమినియం పట్టాను ఉలివలె చెక్కును. చక్రము మార్చుట స్వల్ప వ్యయము. పట్టా తరచుగా నౌకకు అతికింపబడిన చట్రములో భాగమై యుండును గనుక దానిని మార్చుట పెద్ద ఖర్చు. తలుపు బరువెక్కినదని తోచిన దినముననే దానిని విప్పి చూడవలెనని చెప్పుటకు ఇదియే హేతువు. బలముగా నెట్టినచో కదలుచున్నది గదా యని ఉపేక్షించుట పట్టాను చేజేతుల పాడుచేసికొనుటయే.

మరమ్మతు క్రమము

మొదటి పని మంచినీటితో కడుగుట. ఉప్పు నీటిలో కరుగును, నూనెలో కరుగదు. కడుగకుండ నూనె పోసినచో ఉప్పును నూనెలో దాచిపెట్టినట్లగును. పట్టాలోని ఇసుకను కుంచెతో తీసి, నీరు పోవుటకు విడిచిన చిన్న రంధ్రములను పుల్లతో శుభ్రపరచవలెను. పలుమార్లు ఇంతమాత్రమునకే తలుపు తేలికపడును.

అట్లు కానిచో తలుపు దించవలెను. నౌక ప్రశాంతమైన రేవులో ఉన్నప్పుడు మాత్రమే, ఇద్దరు మనుష్యులు కలిసి ఈ పని చేయవలెను. తలుపు పట్టా చివర దాటిపోకుండ ఆపు ముక్కను తొలగించి, ఎత్తు సవరించు స్క్రూలను వదులుచేసి, తలుపును పైకెత్తి అడుగు భాగమును తమవైపునకు లాగినచో సాధారణముగా వెలుపలికి వచ్చును. దానిని మడిచిన దుప్పటిపై ఆనింపవలెను. గట్టిపరచిన గాజు నడుమ దెబ్బకు ఓర్చును గాని అంచుకు తగిలిన చిన్న దెబ్బకే యావత్తు ముక్కలగును.

బిగుసుకొన్న స్క్రూపై బలప్రయోగము తగదు. చొచ్చుకొనిపోవు నూనె వేసి ఒక రాత్రి విడిచి, మరునాడు స్క్రూ తలకు కొద్దిగా వేడి తగిలించి, ముందు కొంచెము బిగించి పిదప వదులు చేయవలెను. గాజునకు, రబ్బరునకు, అతుకు పదార్థమునకు వేడి సోకరాదు. డ్రిల్లుతో తొలచుట చివరి ఉపాయము.

పాత చక్రమును వెర్నియర్ కొలతసాధనముతో కొలువవలెను. వ్యాసము, వెడల్పు, గాడి ఆకారము, ఇరుసు లావు, ఈ నాలుగును కావలెను. అరిగిన చోట కొలిచినచో తక్కువ వచ్చును గనుక అరుగని అంచున కొలువవలెను. బేరింగుపై ముద్రించిన అంకెలు ఇచ్చట గొప్ప సహాయము. ఉదాహరణకు 608 అనినచో లోపలి రంధ్రము 8, వెలుపలి వ్యాసము 22, వెడల్పు 7 మిల్లీమీటర్లు. ఈ కొలతలు ప్రపంచమంతట ఒక్కటియే. తయారీదారు సుదూరమున ఉన్నను, ఏ రేవుపట్టణములోనైనను బేరింగుల దుకాణమున ఆ అంకెలు చెప్పినచో సరియైనది లభించును. ఒక చక్రమే చెడినను అన్నింటిని ఒకేసారి మార్చవలెను. కొత్తది పాతది కలిసినచో భారము సమముగా పడదు.

పట్టాపై చిన్న గీతలను సన్నని ఆకురాయితోను, గరుకు కాగితముతోను చదును చేయవచ్చును. లోతైన గాట్లున్నచో పట్టాపై సన్నని తొడుగు పట్టీ అమర్చుట వాడుక. ఆ పట్టీ స్టీలుదైనచో అల్యూమినియమునకు తగులకుండ నడుమ అతుకు పదార్థపు పొర తప్పక ఉండవలెను. లేనిచో పైన చెప్పిన విద్యుత్ ఘటమును మరల మనమే నిర్మించినట్లగును. తిరిగి బిగించు ప్రతి స్క్రూకును ఈ క్షయమును నిరోధించు లేపనము పూయవలెను. పట్టాలో గ్రీజు వేయరాదు. అది ఇసుకను, ఉప్పును పట్టి నిలిపి రుబ్బురాయిలోని పిండివలె చేయును. పొడిగా ఆరు టెఫ్లాన్ పూత గాని సిలికోన్ పూత గాని పలుచగా చాలును.

తుదకు రెండు చక్రముల ఎత్తును సమముగా సవరించి, తలుపు అంచునకును చట్రమునకును నడుమ సందు పైనుండి క్రిందివరకు ఒకే తీరున ఉండునట్లు చేయవలెను. గొళ్ళెము తన రంధ్రములో బలవంతము లేక పడవలెను. తలుపు ఒక వ్రేలితో కదలవలెను; కాని గొళ్ళెము పడిన పిదప నౌక ఎంత ఊగినను కదలరాదు. లోపలినుండియు వెలుపలినుండియు తెరచి చూచిన తరువాతనే పని ముగిసినట్లు.

విద్యార్థులకు

మన తెప్పను గూర్చి ఒక మాట చెప్పి ముగింతుము. వేట ముగించి ఒడ్డు చేరిన జాలరి తెప్ప కట్లు విప్పి దుంగలను ఎండబెట్టును. మరల పోవునప్పుడు తిరిగి కట్టును. అందువలన ఏ త్రాడు నలిగినదో, ఏ దుంగ నానినదో అతనికి వెంటనే తెలియును. అందమైన అద్దపు తలుపునకు ఆ భాగ్యము లేదు. అది ఆగిపోవువరకు ఎవ్వరును విప్పి చూడరు. కట్టుమరము అను పేరు తీసికొన్న నౌక, దానిని విప్పి చూచు అలవాటును కూడ తీసికొన్నచో ఈ కష్టములలో పెక్కు తప్పును.

మన విద్యార్థులలో కెటమరాన్ ఎక్కువారు కొలదిమందియే కావచ్చును. కాని విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్నము వంటి తీర పట్టణములలో అల్యూమినియం జారుడు కిటికీలు గల ఇండ్లకు ఇదే ఉప్పుగాలి సోకుచున్నది. మన ప్రయోగశాలలో ఒక సులభమైన పరీక్ష చేయవచ్చును. రెండు అల్యూమినియం రేకులు తీసికొని, ఒకదానికి రాగితీగ గట్టిగా చుట్టి, రెండవదానిని ఊరక విడిచి, రెండింటిని వేర్వేరు గాజు పాత్రలలోని ఉప్పునీటిలో కొన్ని వారములు ఉంచవలెను. ఏ రేకు ఎంత చెడినదో ప్రతిదినము వ్రాసికొన్నచో, పుస్తకములోని లోహముల శ్రేణి కంటికి కట్టినట్లు అర్థమగును. ఇందుకు కావలసిన ఖర్చు అత్యల్పము. కళాశాల పాలకవర్గము వారు పట్టుకారు, వెర్నియర్, ఆకురాయి గల ఒక చిన్న పనిబల్లను విద్యార్థులకు ఏర్పరచినచో అది గ్రంథాలయమునకు తోడైన రెండవ గ్రంథాలయము కాగలదని మా విశ్వాసము.