నేలకు పెట్టిన పేరు

ఆదోని కోటకొండలనుండి ఎమ్మిగనూరు వఱకు సుమారు 30 కిలోమీటర్ల దూరము. ఈ కొద్దిపాటి దూరములోనే నేల పలుమారులు రూపు మార్చును. ఒకచోట గుండ్లు ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న రాతిగుట్టలు. వాని పాదములందు ఎఱ్ఱని గరుసునేల. కొంతదూరము పోగానే కనుచూపుమేర నల్లరేగడి. అంతలో తుంగభద్ర దిగువ కాలువ, దానిక్రింద పచ్చని పైరు. రైతు నడిగినచో ఈ మార్పుల నన్నిటిని పేరు పేరున చెప్పును. ప్రపంచపటమును గీయు శాస్త్రజ్ఞునకు మాత్రము ఈ ప్రాంతమంతయు ఒక్కటే రంగు, ఒక్కటే పేరు. సర్కారు లెక్కలలో మఱియొక పేరు. ఏ పేరు నిలిచిన దానినిబట్టియే నేల తలవ్రాత నిర్ణయమగుచున్నది. కావున ఈ పేర్ల సంగతి విచారింపదగియున్నది.

మొదట రైతు పెట్టిన పేర్లను చూతము. రేగడి, ఎఱ్ఱనేల, గరుసు, చవుడు అనునవి ఉత్త వర్ణనలు కావు. రేగడి యనగా తేమను చాలకాలము దాచుకొని ప్రత్తిని, జొన్నను, శనగను పండించు నేల. ఎఱ్ఱనేలలో తేమ త్వరగా ఆఱిపోవును. అది వేరుశనగకు, కొఱ్ఱకు, ఆముదమునకు తగినది. మన రేగడి యను మాటయే 'రేగూర్' అను రూపమున ఆంగ్ల భూగోళ గ్రంథముల కెక్కినది. తరువాత అమెరికా మృత్తికాశాస్త్రజ్ఞులు ఇట్టి నేలలకు, తిరుగుట యను అర్థముగల లాటిను ధాతువునుండి, 'వెర్టిసాల్' అని పేరిడిరి. అందు నూటికి 30 పాళ్ళకు తక్కువగాక బంకమన్ను ఉండవలెను. వేసవిలో ఆ బంక ఎండి నేల బీటలు వాఱును. పైమన్ను ఆ బీటలలో రాలును. వాన కురియగానే బంక ఉబ్బి బీటలు పూడుకొనును. ఇట్లు ఏటేట క్రిందిమన్ను పైకిని పైమన్ను క్రిందికిని తిరుగుచుండును. నేల తన్ను తానే దున్నుకొనుచున్నదన్నమాట.

రెండవది శిస్తు లెక్క. 1800లో నిజాము దత్తమండలములను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసిన పిమ్మట, థామస్ మన్రో 1807 వఱకు ప్రధాన కలెక్టరుగా నుండి పొలములను కొలిపించి, తరగతులు కట్టించి, శిస్తు నిర్ణయించెను. ఆదోని సీమ ఆ మండలములలోనిది. పిదప బళ్ళారి జిల్లాలో నుండి, 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు కర్నూలు జిల్లాలో చేరినది. శిస్తు లెక్కకు కావలసినది ఒక్కటే: ఈ నేల ఎంత చెల్లింపగలదు? తరి, మెట్ట, తోట యనునవి చెల్లించునవి. చెల్లింపనిది బంజరు, పోరంబోకు.

మూడవది శాస్త్రజ్ఞుల పటము. 1935లో టాన్‌స్లీ యను ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు, జీవులను, అవి బ్రదుకు నేలను, నీటిని, గాలిని విడదీయక ఒక్క వ్యవస్థగా చూడవలెనని చెప్పి దానికి 'ఎకోసిస్టమ్' అని పేరు పెట్టెను. మన పాఠ్యగ్రంథములలో అదియే జీవావరణ వ్యవస్థ. 1936లో ఛాంపియన్ అను అటవీశాస్త్రజ్ఞుడు భారతదేశపు అడవులను వర్గీకరించెను. 1968లో సేఠ్‌తో కూడి దానిని సవరించి 16 ప్రధాన వర్గములుగా ప్రకటించెను. అందు ఉష్ణమండలపు ముండ్లఅడవి ఒకటి. తుమ్మ, రేగు, బలుసు పెరుగు మన గుట్టలు దానికి చెందినవి. 2001లో ప్రపంచ వన్యప్రాణి నిధికి చెందిన శాస్త్రజ్ఞులు భూతలమును 14 జీవమండలములుగాను, 867 చిన్న ప్రాంతములుగాను విభజించి పటము గీసిరి.

ఆ పటములో ఆదోని, ఎమ్మిగనూరులు 'దక్కను ముండ్లపొదల అడవి' యను రంగులో నున్నవి. అదే రంగు మహారాష్ట్రము మొదలుకొని దక్షిణమునకు సాగి, సముద్రము దాటి, శ్రీలంకలోని జాఫ్నా వఱకు వ్యాపించినది. ఆదోని రాతిగుట్టయు జాఫ్నా సముద్రతీరమును ఒకే పేరుక్రింద! ఇది తప్పని అనరాదు. ప్రపంచమంతటిని ఒక్క కాగితముపై చూపదలచినవాడు చిన్న భేదములను విడువక తప్పదు. 2020లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము ప్రకటించిన వర్గీకరణము ఒక మెట్టు ముందునకు పోయినది. అందు 100కు పైగా తరగతులు గలవు. మనుష్యుడు కల్పించినవానికిని అందు చోటున్నది: పైరుపొలములు, పెద్ద జలాశయములు, కాలువలు వేఱువేఱు తరగతులు. తుంగభద్ర కాలువకును తన పేరు తనకు దొరకినది.

ఇట్లు ప్రతి పటమును ఒక ప్రశ్నకు జవాబు. ఏమి పండునని రైతు అడిగెను. ఎంత వచ్చునని సర్కారు అడిగెను. ఏ జీవులు ఎట్లు బ్రదుకుచున్నవని శాస్త్రజ్ఞుడు అడిగెను. ఒక ప్రశ్నకు చెప్పిన జవాబును మఱియొక ప్రశ్నకు వాడుకొన్నప్పుడే చిక్కు. 2000లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ, హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థతో కూడి, ఉపగ్రహ చిత్రముల సాయమున దేశపు బంజరుభూముల పటసంపుటిని ప్రకటించెను. తరువాత పలుమారులు సవరించెను. అందలి తరగతులలో పొదలుగల భూమి ఒకటి, రాతినేల యింకొకటి. అనగా ఒక పటములో జీవావరణ వ్యవస్థగా లెక్కకు వచ్చిన ముండ్లపొద వేఱొక పటములో పనికిరాని నేల! పనికిరానిదన్న పిమ్మట దానిని దున్నవచ్చును, రాయి కొట్టవచ్చును, నీలగిరి చెట్లు నాటవచ్చును. అక్కడ మేసిన గొఱ్ఱెలు, వాని కాపరి, గూడు కట్టిన పక్షి ఆ లెక్కలో కనబడరు.

దీని ఫలితమును చూచుటకు దూరము పోనక్కఱలేదు. పూర్వము కర్నూలు జిల్లాలోనిదై, నేడు నంద్యాల జిల్లాలో నున్న రోళ్ళపాడు చాలును. బట్టమేకపిట్ట నేలమీద సాధారణముగా ఒక్క గ్రుడ్డే పెట్టును. చెట్లు దట్టమైనను దానికి బ్రదుకు లేదు. నేలంతయు ఏడాది పొడుగున సాగైనను లేదు. దానికి కావలసినది విశాలమైన గడ్డినేల, అనగా లెక్కలలో బంజరు. 1988లో రోళ్ళపాడులో సుమారు 6 చదరపు కిలోమీటర్ల అభయారణ్యము ఏర్పడినది. కాని ఆ పిట్ట సరిహద్దు ఎఱిగి తిరుగునది కాదు. చుట్టునున్న బీళ్ళు, మెట్టపొలములు కూడ దాని మేతచోట్లే. అవి మాఱినకొలది పిట్టయు తగ్గినది. 2011లో ఈ జాతి మిక్కిలి ప్రమాదములోనున్న జాతులలో చేర్చబడినది. ఇప్పుడు రోళ్ళపాడులో అది కనబడుటయే అరుదు.

ఇందు ఉపాధ్యాయులకును విద్యార్థులకును చేయదగిన పని యొకటి కలదు. ఉపగ్రహము పొదను చూపగలదు గాని, ఆ పొదలో వేసవిలో ఏ కాయ దొరకునో, ఏ కార్తెలో ఏ పక్షి వచ్చునో చెప్పలేదు. అది ఊరివారికే తెలియును. ప్రతి పాఠశాలయు తన ఊరి పటము గీసి, రేగడి, ఎఱ్ఱనేల, గుట్ట, వాగు, చెఱువు, బీడు గుర్తించి, ఒక్కొక్కచోట ఏయే చెట్లు, పక్షులు, జంతువులు గలవో, ఎవరి పశువులు మేయుచున్నవో ఋతువుల వారీగా వ్రాసికొనవచ్చును. అట్లు వ్రాయునపుడు, ఒక్క జీవి పేరైనను దొరకిన చోటును బంజరని వ్రాయకుందురు గాక.