మూడు మెట్లలో ఒక మందు

కీళ్ళనొప్పులకు, జ్వరమునకు వాడు ఐబూప్రొఫెన్ మాత్రను ఎరుగనివారు అరుదు. బ్రిటన్‌లోని బూట్స్ కంపెనీలో స్టూవర్ట్ ఆడమ్స్ బృందము దీనిని 1961లో కనుగొన్నది. 1969లో అది ఆ దేశమున అమ్మకమునకు వచ్చినది. ఐసోబ్యూటైల్ బెంజీన్‌తో ఆరంభించి, ఆరు రసాయన చర్యలు జరిపి ఈ మందును తయారుచేసెడివారు.

ఆరు మెట్లయిన నష్టమేమి? లెక్క చూడుడు. ప్రతి మెట్టులోను నూటికి 90 వంతులు ఫలించుననుకొందము. మూడు మెట్లు దాటునప్పటికి 73 వంతులు దక్కును. ఆరు దాటునప్పటికి 53 మాత్రమే.

ఇంకొక నష్టము కలదు. హైడ్రాక్సిలమీన్, సోడియం ఇథాక్సైడ్ వంటివి నడుమ ప్రవేశించును. వానిలోని పరమాణువులు చాలవరకు మందులో చేరవు. చర్యలలో పాల్గొన్న పదార్థముల అణుభారముల మొత్తము 514.5, ఐబూప్రొఫెన్ అణుభారము 206. ప్రతి మెట్టు సంపూర్ణముగా ఫలించినను, నూటికి 40 వంతులే మందగును. తక్కినది వ్యర్థము. మొదటి మెట్టున విస్తారముగా వాడు అల్యూమినియం క్లోరైడు ఈ లెక్కలో చేరనేలేదు. అది నీటితో కలిసి చెడిపోవును. దానిని పారవేయుట వేరొక చిక్కు.

ఇచ్చట నిజమైన ఉత్ప్రేరకము అక్కరకు వచ్చును. పెండ్లి కుదిర్చిన పేరయ్య మరియొక సంబంధము చూడబోయినట్లు, ఉత్ప్రేరకము ఒక చర్యను జరిపించి తాను ఖర్చుగాక తరువాతి అణువులను చేరును.

1992లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున, బిషప్ అను ఊర కొత్త పద్ధతిలో కర్మాగారము నెలకొన్నది. మొదటి పదార్థము అదియే, మెట్లు మూడే. హైడ్రోజన్ ఫ్లోరైడు సమక్షమున ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ చేరి కీటోన్ ఏర్పడును. రానీ నికెల్ సహాయమున హైడ్రోజన్ కలిసి అది ఆల్కహాలగును. పెలేడియం ఉత్ప్రేరకముగా కార్బన్ మోనాక్సైడు కలిసిన ఐబూప్రొఫెన్ సిద్ధము.

ఇపుడు కూడుడు: 134, 102, 2, 28; మొత్తము 266. అందు 206 మందు. అనగా నూటికి 77 వంతులు. మిగిలిన 60 ఎసిటిక్ ఆమ్లము. దానిని కూడ వేరుచేసి వినియోగించినచో వృథా దాదాపు శూన్యము. ఈ పద్ధతికి 1997లో అమెరికా అధ్యక్షుని హరిత రసాయన పురస్కారము లభించినది.

అయితే దారి దగ్గరైనంత మాత్రమున సులభమని తలపరాదు. హైడ్రోజన్ ఫ్లోరైడు చర్మమును, ఎముకలను కూడ పాడుచేయగలదు. కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకము. కుప్పెలో చక్కగా సాగిన చర్య పెద్ద పాత్రలో వేడెక్కి అదుపు తప్పవచ్చును. దృఢమైన పాత్రలు, వాయువు వెలికి రాని అమరికలు, హైడ్రోజన్ ఫ్లోరైడును తిరిగి పట్టి వాడుకొను ఏర్పాటు ఉన్నపుడే ఈ దారి మేలైనది.

నల్లబల్లపై సమీకరణము వ్రాసినపుడు ఉపాధ్యాయులు "ఏమి తయారైనది?" అని అడుగుదురు. "తక్కిన పరమాణువులు ఎచ్చటికి పోయినవి?" అనియు అడుగవలెను. ఆ ప్రశ్నకు జవాబు మందు వెలలోను, కర్మాగారము ప్రక్కనున్న ఏటినీటిలోను కనబడును.