వంతెన క్రింది నీరు, ప్రక్కన మామిడి

వంతెన రెండు ఒడ్డులను కలుపునని అందరు నెరుగుదురు. అదే వంతెన ఏటికి అడ్డముగా నిలుచునని తలచువారు తక్కువ. నూజివీటి మామిడిసీమలో ఈ సంగతి మరింత ఆలోచింపదగియున్నది.

2022 ఏప్రిల్ నుండి ఏలూరు జిల్లాలో చేరిన ఈ ప్రాంతము మెట్టసీమ. ఎర్రనేలలు, చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి తోటలు. వాగులు పెక్కుమాసములు ఇసుకపట్టులుగానే కన్పట్టును. ఎగువను కుంభవృష్టి కురిసినచో అవియే పొంగి పొరలును. బుడమేరు, రామిలేరు, తమ్మిలేరు మెట్టల నీటిని కొల్లేటికి చేర్చును. కొల్లేరు ఉప్పుటేరు ద్వారా దానిని సముద్రమునకు పంపును. 2024 సెప్టెంబరులో బుడమేటి మళ్లింపు కాలువ గట్లు తెగి, విజయవాడలో పెక్కు పేటలు దినముల తరబడి నీట నుండుట మనము చూచితిమి. ఎండిన వాగును చూచి దాని బలమును అంచనా వేయరాదు.

కావున వంతెన తలపెట్టినవారు రోడ్డు వెడల్పుకంటె ముందు వరదమట్టమును కొలువవలెను. ఖానాలు చాలనిచో రోడ్డుకట్ట ఆనకట్టయై ఎగువ తోటలలో నీరు నిలుచును. వేళ్లకు గాలి అందక చెట్లు నీరసించును. ఇరుకున దూరిన నీరు వేగము హెచ్చి స్తంభముల మొదటి మన్నును కోసివేయును.

మరియొక చిక్కు కలదు. వాగు ఎండిన కాలమే పనివారికి అనువు. మామిడికి అదియే పూతకాలము, పిందెకాలము. మట్టిలారీలు లేపిన దుమ్ము పూతపై పడినచో కాపునకు చేటు. దారిపై నీరు చల్లుట, లారీలపై పట్టాలు కప్పుట పెద్ద ఖర్చు కాదు. ఆ షరతు ఒప్పందములోనే ఉండవలెను.

పర్యావరణ ప్రభావమును ముందుగా పరిశీలింపవలెనని మన దేశమున 1994లో నియమము వెలువడినది. 2006 నాటి ప్రకటన ప్రజాభిప్రాయ సేకరణను అందొక దశగా నిర్దేశించినది. ఆ పట్టికలో పెద్ద రహదారులున్నవి. పల్లెవాగుపై కట్టు చిన్న వంతెన లేదు. చట్టము అడుగనిచోట ఊరు అడుగవలెను. భూమి పోవు రైతు చెట్ల విలువ కట్టుటకు ఉద్యానశాస్త్ర నిపుణుల సాయము కలెక్టరు తీసికొనవచ్చునని 2013 భూసేకరణ చట్టము చెప్పుచున్నది. ఇది రైతులు ఎరిగియుండదగిన విషయము.

ఇక అలంకరణ. వంతెన మొదట పూలకుండీలు పెట్టుట సొగసే కాని చాలదు. గట్టువాలున వట్టివేరు నాటినచో మన్ను నిలుచును. దారిప్రక్కన కానుగ, వేప, నేరేడు నీడనిచ్చును. 2015 నాటి హరిత రహదారుల విధానము జాతీయ రహదారుల నిర్మాణవ్యయములో నూటికి 1 వంతు మొక్కలకు కేటాయింపుమన్నది. చిన్న రోడ్లకును అట్టి కేటాయింపు ఉండుట న్యాయము.

ఉపాధ్యాయులు, విద్యార్థులు ఇందు చేయదగిన పని యున్నది. పెద్దల నడిగి పాత వరదలు ఎంతవరకు వచ్చెనో తెలిసికొని, బడిగోడపై గీత గీసి, సంవత్సరము వ్రాయవలెను. రేపు ఇంజనీరు వచ్చి, నీరు ఎంత ఎత్తు వచ్చునని అడిగినప్పుడు, ఆ గీతయే మన ఊరి సమాధానము.