చింతగింజల ఆట

ఆట అంటే మనకు కబడ్డీ, ఖోఖో, అష్టాచెమ్మా. జాగా ఎట్లా వుండాలో తేల్చుకోవడానికి కూడా ఆట వున్నదని మా సోషల్ టీచర్ చెప్తే నేను నమ్మలేదు.

మన దేశంలో 1990ల నుంచి చాలా పల్లెల్లో ఇది చేయిస్తున్నారు. పి.ఆర్.ఎ. అంటారు. ఊళ్ళోవాళ్ళే నేల మీద ముగ్గుతో ఊరి పటం గీస్తారు. ఇళ్ళకు రాళ్ళు, చెట్లకు ఆకులు పెడతారు. ఏది ముందు కావాలో దాని దగ్గర గింజలు పోస్తారు. చదువు రానోళ్ళు కూడా ఆడొచ్చు. దసరా సెలవుల్లో మా ఇంటి ముందర నేను మా ఊరి పటం గీసినాను. మా అమ్మకు ఒక్క అక్షరం రాదు. వచ్చి చూసి, "వాగు అటు కాదే, ఇటు తిరుగుతది" అని కాలితో చెరిపి మళ్ళీ గీసింది. తప్పు నాదే.

విదేశాల్లో కంప్యూటర్ మీద ఆడతారు. మైన్‌క్రాఫ్ట్ అనే ఆటలో దిమ్మలు పేర్చి ఏదైనా కట్టొచ్చు. 2012లో ఐక్యరాజ్యసమితికి చెందిన యూఎన్ హాబిటాట్ ఆ ఆట తయారుచేసినవాళ్ళతో కలిసింది. కెన్యా దేశంలో, నైరోబీ పట్నంలో కిబేరా అనే పేదల బస్తీ వున్నది. అక్కడ ఆటస్థలం ఎట్లా వుండాలో అందులోనే కట్టి చూసుకున్నారు. మనకు కంప్యూటర్ అక్కరలేదు, చింతగింజలు చాలు.

మన హాస్టల్ వెనక జాగా గురించి మీటింగు పెట్టినప్పుడు పదో తరగతి అక్కలే మాట్లాడినారు. పూలతోట అన్నారు. చిన్నపిల్లలు తల వంచుకుని కూర్చున్నారు. (నేనూ అంతే.) తరువాత ఆదివారం సున్నంతో పటం గీసి మనిషికి ఐదు గింజలు ఇచ్చినాము. ఒక్కొక్కరే వచ్చి పెట్టాలి, మిగతావాళ్ళు అటు తిరగాలి. ఇది మరిచిపోవద్దు. లేకపోతే అక్క ఎక్కడ పెడితే చెల్లి అక్కడే పెడుతుంది. పూలతోట దగ్గర కొన్నే పడినాయి. మరుగుదొడ్ల దారి మీద పెద్ద కుప్ప. బురదగా వుండే కుళాయి దగ్గర ఇంకో కుప్ప. ఎందుకని అడిగితే ఐదో తరగతి పాప చెప్పింది. రాత్రి ఆ దారి చీకటి, పాములంటే భయం, అందుకని సాయంత్రం నుంచి నీళ్ళే తాగదంట. ఆ పాప రోజూ నా పక్కనే పడుకుంటది. నాకే తెలియదు.

పటం చార్టు మీద దించి వార్డెన్ మేడమ్ గారికి ఇచ్చినాము. దారికి బల్బు పెట్టించినారు. కుళాయి దగ్గర గచ్చు ఇంకా కాలేదు. మేడమ్ గారూ, కోపం చేయకండి. ఎందుకు ఆగిందో చిన్నపిల్లలకు మీరే చెప్పాలి. లేకపోతే ఈసారి పిలిస్తే వాళ్ళు రారు.

గింజలు నా ట్రంకుపెట్టెలో భద్రంగా వున్నాయి.