ఆ మూడూ ఎందుకు లేవలేదంటే...

రాత్రి పదకొండున్నర. నా తెరమీద 24 గళ్లున్నాయి. 21 పచ్చబడ్డాయి. మూడు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. పొద్దున్న ఆరింటికల్లా అన్ని సర్వర్లూ క్లయింటుకి అప్పజెప్పాలి. నా పక్కన ఉద్యోగంలో చేరి ఆర్నెల్లయిన కుర్రాడొకడు. అంతే, మేమిద్దరమే.

మీరు ల్యాప్‌టాప్ కొంటే అందులో విండోస్ ముందే ఉంటుంది. మాకొచ్చే సర్వర్లలో ఏమీ ఉండదు, ఉత్త ఇనుమే. అందుకే బేర్ మెటల్ అంటారు. ఒక్కోదానికీ పెన్‌డ్రైవ్ పెట్టి సిస్టమ్ ఎక్కించే రోజులు పోయాయి. ప్రతి సర్వర్లోనూ బీఎంసీ అని ఓ బుల్లి కంప్యూటర్ ఉంటుంది. పెద్దది ఆపేసి ఉన్నా ఇది మేలుకునే ఉంటుంది. దానికి దూరం నుంచే ‘నెట్‌వర్క్ మీద నుంచి లేపు’ అని చెబుతాం. సర్వర్ లేచి, నాకో అడ్రస్ ఇవ్వండహో అని కేకేస్తుంది. డీహెచ్‌సీపీ సర్వర్ అడ్రస్ ఇచ్చి, ఫలానా చోట ఫైలుంది పో అంటుంది. అది తెచ్చుకుని, మెమరీలోనే చిన్న లినక్స్ నడిపి, డిస్కు మీద అసలు సిస్టమ్ రాసుకుని, రీబూట్ అవుతుంది. దీని పేరు పీఎక్స్‌ఈ. మేం ఇప్పటికీ వాడుతున్నది 1999లో ఇంటెల్ ఇచ్చిన ప్రమాణమే. అన్నీ కుదిరితే మనిషి చెయ్యి పడక్కర్లేదు. కుదరనప్పుడే మాకు జీతాలు.

మొదటి సర్వర్ అడ్రస్ తీసుకుంది, ఫైలూ తెచ్చుకుంది. లినక్స్ మొదలయ్యాక మాత్రం ‘నెట్‌వర్క్ లేదు’ అని చతికిలపడింది. ఇప్పుడేగా నెట్‌వర్క్ మీద నుంచే లేచింది! తప్పు స్విచ్‌ది. కేబుళ్లు చుట్టు తిరిగి కలిస్తే నెట్‌వర్క్ మొత్తం స్తంభిస్తుంది. అది జరక్కుండా స్విచ్‌లు స్పానింగ్ ట్రీ అనే పద్ధతి పాటిస్తాయి. 1985లో రాడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ కనిపెట్టింది. దాని ప్రకారం ఏ పోర్టు కొత్తగా మేలుకున్నా, 30 సెకన్లు చూసిగానీ డేటాని వదలదు. లినక్స్ మొదలవుతూ నెట్‌వర్క్ కార్డుని ఓసారి ఆపి మళ్లీ లేపింది. స్విచ్ మళ్లీ 30 సెకన్లు ఆపింది. గేటు తీసేలోపే మా వాడు విసిగి వెనక్కి తిరిగాడు. ‘ఇక్కడ ఉన్నది సర్వరే, వెంటనే వదిలెయ్’ అని మిగతా పోర్టులన్నిటికీ చెప్పాం. దీన్ని చివర్లో ఖాళీ పోర్టులో గుచ్చారు, దానికి చెప్పలేదు. ఒక్క లైను మార్చాం. లేచింది.

రెండోదాంట్లో ఇన్‌స్టాల్ శుభ్రంగా పూర్తయింది. రీబూట్ చేస్తే బూట్ అవడానికి డిస్కే లేదంటోంది. సర్వర్ లేవడానికి రెండు దారులున్నాయి, పాత బయోస్, కొత్త యూఈఎఫ్‌ఐ. ఇందులో ఎక్కించింది అందులో లేవదు. ఆ సర్వర్ సెట్టింగ్ యూఈఎఫ్‌ఐ. మరి పాత దారిలో ఎందుకు ఎక్కింది? కుర్రాణ్ణి అడిగితే నెమ్మదిగా చెప్పాడు: “మధ్యలో ఆగిపోతే నేనే చేత్తో కమాండ్ కొట్టానన్నా.” ఐపీఎంఐటూల్‌తో నెట్‌వర్క్ బూట్ అడిగేటప్పుడు ఈఎఫ్‌ఐ అని విడిగా చెప్పాలి. చెప్పకపోతే చాలా సర్వర్లు ఆ ఒక్కసారికీ పాత దారిలో లేస్తాయి. మా స్క్రిప్టులో ఆ మాట ఉంది, వాడి కమాండ్‌లో లేదు. మళ్లీ ఎక్కించాం. నేనూ ఒకప్పుడు దీనికి రెండ్రోజులు తగలేసినవాణ్ణే, అందుకే ఏమీ అనలేదు.

మూడోది వేరే. మిగతా 23 కొత్తవి, ఇది క్లయింటు వాడుతున్న పాతది. అందులో 8 టీబీ డిస్కులు నాలుగున్నాయి, వాటినిండా వాళ్ల పాత లెక్కలు. వాటిని ముట్టుకోకుండా, చిన్న ఎస్‌ఎస్‌డీ మీద మాత్రమే కొత్త సిస్టమ్ ఎక్కించాలి. ఇన్‌స్టాలర్ ‘ఎస్‌డీఏ డిస్కు బిజీగా ఉంది’ అని మొండికేసింది.

పాత రెయిడ్ గుర్తులు మిగిలితే ఇలాగే అవుతుంది. లినక్స్ వాటిని చూసి ఆ డిస్కుల్ని కలిపి పట్టుకుంటుంది, ఇక ఎవరినీ రాయనివ్వదు. రెయిడ్ ఆపి, వైప్‌ఎఫ్‌ఎస్ కమాండ్‌తో గుర్తులు తుడిచేయాలి. మామూలుగా మందు ఇదే. కుర్రాడు కమాండ్ టైప్ చేసేశాడు. ఎంటర్ మీద వేలు పెట్టి “కొట్టేయనా అన్నా?” అన్నాడు.

“ఆగు. సైజు చూడు ముందు.”

ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టాడు. ఎస్‌డీఏ పక్కన 7.3 టీ అని వచ్చింది. 8 టీబీ డిస్కుని లినక్స్ అలాగే చూపిస్తుంది. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనేవి డిస్కులకి పుట్టుపేర్లు కావు. లేచేటప్పుడు ఏది ముందు కనిపిస్తే దానికి ముందు పేరు. ఈ సర్వర్లో పెద్ద డిస్కులు వేరే కంట్రోలర్ మీద ఉన్నాయి, అవే ముందు కనిపించాయి. మా స్క్రిప్టులో మాత్రం ‘ఎస్‌డీఏ మీద రాయి’ అనే ఉంది. ఆ లైను రాసింది నేనే. ఆ డిస్కులు రెయిడ్‌లో లేకపోయుంటే ఇన్‌స్టాలర్ ఏ గొడవా చేయకుండా లెక్కల మీదే సిస్టమ్ రాసేసి, గడిని పచ్చగా చూపించేది. మేం తిట్టుకున్న ఆ ఎర్రరే వాటిని కాపాడింది.

సర్వర్ ఆపించి, డేటా సెంటర్లో నైట్ డ్యూటీ అతనికి ఫోన్ చేసి, నాలుగు డిస్కుల్నీ కొద్దిగా బయటికి లాగమన్నాం. స్క్రిప్టులో ఎస్‌డీఏ తీసేసి ఎస్‌ఎస్‌డీ సీరియల్ నంబర్ పెట్టాం. నాలుగుంపావుకి ఆ గడీ పచ్చబడింది. డిస్కులు మళ్లీ లోపలికి తోయించి, రెయిడ్ కలిసిందో లేదో, ఫోల్డర్లు తెరుచుకుంటున్నాయో లేదో ఒక్కోటీ చూశాం. కుర్రాడు టీకి పద అన్నా అంటున్నా, నేను ఇంకోసారి చూసిగానీ లేవలేదు.